ట్రేలో పరిచిన పేర్లు

1987లో, ఉద్యోగంలో చేరిన మూడో ఏట, నేను పనిచేసే ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ నుంచి అరిగిపోయిన, రక్తనాళాలను బిగించి పట్టే ఒక ఆర్టరీ ఫోర్సెప్స్‌ను పెద్ద సిస్టర్ గారి అనుమతితో పర్లాకిమిడిలోని మా ఇంటికి తీసుకువెళ్ళాను. మా నాన్నది కమ్మరి పని. మహేంద్రతనయ ఏటికి దగ్గరలో ఉన్న మా కొలిమిలో ఆయన కొడవళ్ళు, గునపాలు, కత్తిపీటలు, కొండల మీది సవరలు సంతకు దిగివచ్చినప్పుడు కొనుక్కునే గొడ్డళ్ళు చేసేవారు. ఫోర్సెప్స్‌కు వచ్చిన జబ్బు చిన్నదే. వేళ్ళు దూర్చే కళ్ళకు కొంచెం పైన, ఒకదానిలో ఒకటి తగులుకోవలసిన మెట్లు అరిగి, పట్టు నిలవడం లేదు. రక్తనాళాన్ని పట్టుకుని చేయి తీసేస్తే అదే జారిపోయేది.

నాన్న దానిని వెలుతురులో పెట్టి చూశారు. సన్న ఆకురాయితో మెట్లకు అంచు తీసి, రెండు కాళ్ళను రవ్వంత వంచి, మూతుల కొసలు ముందుగా కలిసి ఆ తరువాతే మెట్టు పడేలా సరిచేశారు. అరగంట కూడా పట్టలేదు. కాని ఆ తరువాత చాలాసేపు దానిని చేతిలోంచి దించలేదు. ఆయనను పట్టి ఉంచింది దాని కీలు. "మన పట్టకారులో ఒక రెక్క మీద ఇంకో రెక్క వేసి శీల కొడతామమ్మా. దీంట్లో ఒక రెక్క కడుపులోంచి రెండోది వెళ్ళింది. మూతి వెడల్పుగా ఉంది, కళ్ళు ఇంకా వెడల్పుగా ఉన్నాయి, మధ్యలో చీలిక చూస్తే ఇంతే. లోపలికి ఎలా దూర్చాడు?" అని అడిగారు. నాకు తెలియదు. దానిని స్పెన్సర్ వెల్స్ ఫోర్సెప్స్ అంటారని మాత్రం చెప్పాను. "చేసినవాడా?" అన్నారు. "కాదు నాన్నా, డాక్టరు" అన్నాను. ఇనుము మీద 'స్టెయిన్‌లెస్' అన్న ఒక్క మాట తప్ప చేసినవాడి గుర్తు ఏదీ లేదు.

2021లో పదవీ విరమణ చేసేనాటికి ఆ పేర్లను నేను లెక్కలేనన్ని సార్లు పలికాను. కోత మొదలయ్యే ముందు ఒకసారి, కడుపు మూసే ముందు ఇంకొకసారి, చర్మం కుట్టే ముందు మరొకసారి పనిముట్లన్నీ లెక్కపెట్టడం థియేటర్ సిస్టర్ ధర్మం. మా థియేటర్‌లో డాక్టరు గారు ఒడియాలో మాట్లాడేవారు, ఆయమ్మ తెలుగులో జవాబిచ్చేది, బల్ల మీద పడుకున్న మనిషి సవర భాషలో తన దేవుణ్ణి పిలుచుకునేవాడు. ముగ్గురి మధ్య మారకుండా ఉన్నవి ఆ పేర్లే: కోకర్, ఆలిస్, బాబ్‌కాక్, సిమ్స్. బరంపురంలో నర్సింగ్ చదువుతున్న మా మేనకోడలు మొన్న సెలవులకు వచ్చి, రికార్డు పుస్తకంలో ఈ బొమ్మలు వేస్తూ, "అత్తా, వీళ్ళంతా ఎవరు?" అని అడిగింది. ఆమెకు చెప్పినదానినే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా నాన్న బాగుచేసిన పనిముట్టుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే శస్త్రచికిత్స చరిత్రలో అంత చిన్న వస్తువు అంత పెద్ద మార్పు తెచ్చిన సందర్భాలు తక్కువ. కోసినప్పుడు రక్తం కారే ప్రతి నాళాన్నీ ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి, లేదా వెంటనే దారంతో ముడి వేయాలి. మనిషి చేతులు రెండే కనుక, నాళాలు నాలుగు తెగితే రోగి ప్రాణం మీదికి వచ్చేది. పట్టుకున్న తరువాత తనంతట తానే బిగుసుకుని ఉండే ఫోర్సెప్స్ వచ్చాక డాక్టరు పది నాళాలకు పది ఫోర్సెప్స్ తగిలించి, తీరికగా ఒక్కొక్కటే ముడి వేయగలిగాడు. 1860, 1870 దశకాలలో దీనిని వాడుకలోకి తెచ్చినవారిలో పారిస్‌కు చెందిన జూల్ పేయాన్, స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన యూజేన్ కోబెర్లే, లండన్‌కు చెందిన థామస్ స్పెన్సర్ వెల్స్ ముఖ్యులు. ఎవరు ముందు అన్న వాదం వారి కాలంలోనే నడిచింది. వెల్స్ మొదట నౌకాదళంలో వైద్యుడు. తరువాత లండన్‌లో స్త్రీల అండాశయపు గడ్డలను తీయడంలో పేరుపొంది, 1880 నాటికి వెయ్యవ ఆపరేషన్ చేశాడు. కడుపు తెరవడమంటే చంపడమేనని తోటి వైద్యులే అనుకునే కాలంలో ఆయన ఆ పని అన్నిసార్లు చేయగలగడానికి ఈ బిగుసుకునే పట్టు ఒక ముఖ్య కారణం.

అంతకు 300 ఏళ్ళ ముందు ఫ్రాన్స్‌లో అంబ్రాజ్ పారే అనే ఆయన ఈ దారిలో మొదటి అడుగు వేశాడు. ఆయన మంగలి వైద్యుడు, లాటిన్ రానివాడు, యుద్ధాలలో సైనికుల గాయాలకు కట్టు కడుతూ విద్య నేర్చుకున్నవాడు. మన పల్లెల్లోనూ గడ్డ కోసేది మంగలే, పురుడు పోసేది మంగలి ఇంటి ఆడవారే అన్నది మా తరం వారికి తెలిసిన సంగతి కనుక, ఈ మాట చదివినప్పుడు నాకు పారే పరాయివాడిగా తోచలేదు. ఆ రోజుల్లో కాలో చేయో తీసేసిన తరువాత ఎర్రగా కాల్చిన ఇనుముతో మిగిలిన మొండి భాగం మీద వాతలు పెట్టి రక్తం ఆపేవారు. పారే 1552లో ఆ పద్ధతిని విడిచి, తెగిన నాళాన్ని లాగి పట్టుకుని దారంతో కట్టాడు. లాగి పట్టుకోవడానికి వాడిన పట్టకారుకు ఫ్రెంచి భాషలో 'కాకిముక్కు' అని పేరు. ఆయన తాను నేర్చినది పండితుల లాటిన్‌లో కాక, తనలాంటి వారు చదువుకోగల ఫ్రెంచిలో రాశాడు.

'కాకిముక్కు' అన్న ఆ పేరు దగ్గర నేను ఆగిపోయాను. సుశ్రుతుడు చెప్పిన యంత్రాలలో 'కాకముఖం' ఉంది. సింహముఖం, వ్యాఘ్రముఖం, కంకముఖం కూడా ఉన్నాయి. సుశ్రుత సంహితలో మొద్దు పనిముట్లను యంత్రాలని, పదునైన వాటిని శస్త్రాలని వేరుచేసి, మొదటివి 101, రెండోవి 20 అని లెక్క చెప్పారు. ఆ యంత్రాలలో 24 మన పట్టకార్ల జాతికి చెందిన స్వస్తిక యంత్రాలు. వాటి పొడవు 18 అంగుళాలని, అంటే 18 వేళ్ళ వెడల్పని, వాటి రెండు రెక్కలను మసూరపప్పు ఆకారం గల కీలలతో బిగించాలని, పట్టుకునే చివర అంకుశంలా వంగి ఉండాలని కొలతలతో సహా ఉంది. అన్నిటిలోనూ కంకముఖం, అంటే కొంగముక్కు లాంటిది, శ్రేష్ఠమని చెప్పి దానికి కారణం కూడా ఇచ్చారు: అది సులువుగా లోపలికి వెళుతుంది, పట్టినదానిని గట్టిగా పట్టి బయటికి తెస్తుంది, తిరిగి రావడంలో అడ్డుపడదు. లోతైన కడుపులో పొడుగుమూతి ఫోర్సెప్స్ అందించిన ఎవరికైనా ఈ వాక్యం గ్రంథవాక్యంగా కాదు, పక్కన నిలబడి చెప్పిన మాటగా వినిపిస్తుంది. 101 యంత్రాలలో చేతికి మించిన యంత్రం లేదని కూడా అక్కడే ఉంది, ఎందుకంటే చేయి లేకుండా మిగిలినవేవీ పనిచేయవు.

మా నాన్నకు చదివి వినిపించి ఉండవలసిందని నేను ఇప్పటికీ అనుకునే భాగం ఇంకొకటి ఉంది. శస్త్రాలను శుద్ధమైన ఇనుముతో, పని తెలిసిన 'కర్మారుడి' చేత చేయించాలని సుశ్రుతుడు అంటాడు. మన 'కమ్మరి' అన్న మాట ఆ కర్మార శబ్దం నుంచే వచ్చింది. కత్తికి పదును పెట్టేటప్పుడు క్షారంలోనో, నీటిలోనో, నూనెలోనో ముంచాలని, మినుముల రంగులో ఉన్న నున్నటి రాతి మీద సాన పట్టాలని, ఆ అంచు చెడకుండా బూరుగు చెక్క మీద నిలపాలని, వెంట్రుకను చీల్చగలిగినప్పుడే శస్త్రం పనికి వస్తుందని ఉంది. శిష్యులు ముందుగా సొరకాయ మీద, పుచ్చకాయ మీద, దోసకాయ మీద కోత నేర్చుకోవాలి. యంత్రాలకు 12 దోషాలు చెప్పారు. పట్టలేనిది అగ్రాహి, వంకరగా పట్టేది విషమగ్రాహి, వదులైనది శిథిలం, కీలు మెత్తబడినది మృదుకీలం. నేను పనిచేసిన ఒకచోట అతి తక్కువ ధరకు కొన్న ఫోర్సెప్స్ ఒక విడత వచ్చాయి. నాలుగు సార్లు, ఒత్తిడి ఆవిరితో పనిముట్లను శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెట్టేసరికి కీళ్ళ దగ్గర తుప్పు పట్టింది, మూతులు పక్కకు తిరిగాయి. వాటిని తిప్పి పంపాలని రిజిస్టర్‌లో రాసినా వినేవారు లేక, నెలల తరబడి వాటితోనే పని జరిగింది. ఆనాడు నాకు ఈ 12 దోషాలు తెలిసి ఉంటే రిజిస్టర్‌లో ఆ పేర్లతోనే రాసి ఉండేదానిని.

ఇనుము సంగతి వచ్చింది కనుక తెలుగువారికి దగ్గరి విషయం ఒకటి చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. దక్షిణ భారతదేశపు ఈ రకం ఉక్కును ఐరోపావారు 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అన్న మాటే అలా మారిందని పలువురి అభిప్రాయం. 1790వ దశకంలో బొంబాయి నుంచి లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కు ముద్దలు చేరాయి. అక్కడ దానిని పరీక్షించి కత్తి చేసినవాడు జేమ్స్ స్టోడార్ట్. ఆయన వైద్యుడు కాడు, శస్త్రచికిత్స కత్తులు చేసే పనివాడు. సన్నని అంచు నిలవడంలో ఈ ఉక్కుకు సాటిలేదని ఆయన మెచ్చుకున్నాడు. అలాంటి ఉక్కును ఇంగ్లండులోనే చేయాలని, యువకుడైన మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కులో రకరకాల లోహాలను కలిపి చూశాడు. ఆ ప్రయోగాలు 1820లో అచ్చయ్యాయి. విద్యుత్తు కోసం మనం గుర్తుంచుకునే ఫారడే తొలినాళ్ళలో ఒక కత్తుల పనివాడి పక్కన కొలిమి దగ్గర నిలబడి పనిచేశాడన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. ఉక్కులో వేరే లోహం కలిపే ఆ దారిలోనే చాలా కాలానికి, 1913లో, షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ దాదాపు 13 శాతం క్రోమియం కలిపి, తుప్పు పట్టని ఉక్కు తీశాడు. ఆయన కూడా కొలిమి కార్మికుడి కొడుకే.

తుప్పు పట్టని ఉక్కు అవసరమైంది ఆవిరి వల్ల. పాతకాలపు శస్త్రాల పెట్టెలను బొమ్మలలో చూస్తే ముచ్చటేస్తుంది: దంతపు పిడులు, నల్లచేవ కర్ర పిడులు, లోపల మఖమలు గుడ్డ. ఆ పిడుల నగిషీలలో, మఖమలు నూలులో ఎండిన రక్తం ఉండేది. ఒక రోగి చీము ఇంకొక రోగికి చేరేది. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరిచే పద్ధతిని ప్రకటించాడు. 1879లో పారిస్‌లో పాశ్చర్ శిష్యుడు షార్ల్ షాంబర్లాన్ ఆటోక్లేవ్ తయారుచేశాడు. బెర్లిన్‌లో బెర్గ్‌మాన్, ఆయన సహాయకుడు షిమ్మెల్‌బుష్ పనిముట్లను, గుడ్డలను ఆవిరిలో శుద్ధిచేయడాన్ని నిత్యకృత్యం చేశారు. మేము గుడ్డలు సర్ది, చిల్లుల పట్టీ తెరిచి ఆటోక్లేవ్‌లోకి ఎక్కించిన గుండ్రటి డ్రమ్ములు ఆ షిమ్మెల్‌బుష్ పెట్టెల సంతానమే. 121 డిగ్రీల ఆవిరికి దంతం పగులుతుంది, కర్ర విచ్చుకుంటుంది. అందుకే పిడితో సహా మొత్తం లోహంతోనే చేయవలసి వచ్చింది. కత్తి మాత్రం వేరే దారి పట్టింది. ఆవిరికి అంచు చెడుతుంది, సానపట్టేవాడు ప్రతి ఊళ్ళో ఉండడు. గడ్డం గీసుకునే బ్లేడును పిడికి తగిలించి షికాగోలో జాన్ మర్ఫీ వాడాడు. 1915లో మోర్గాన్ పార్కర్ బ్లేడు వేరు, పిడి వేరుగా గట్టిగా అమరే కత్తికి పేటెంటు తీసుకున్నాడు. చార్లెస్ బార్డ్‌తో కలిసి ఆయన పెట్టిన పేరే ఈనాటికీ 'బార్డ్ పార్కర్ హ్యాండిల్'. 10, 11, 15 నంబర్లు 3వ నంబరు పిడికి, 20 పైబడినవి 4వ నంబరు పిడికి అన్న పాఠం మా మేనకోడలికి ఇప్పటికే కంఠస్థం.

ఆమెకు అన్నిటికంటె నచ్చింది గ్లౌజుల కథ. 1889 ప్రాంతంలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ గారి థియేటర్‌లో కారొలైన్ హాంప్టన్ అనే సిస్టర్ పనిచేసేది. చేతులు కడుక్కోవడానికి వాడే పాదరసపు మందునీళ్ళకు ఆమె చేతులు పొక్కి, పని మానుకోవలసిన స్థితి వచ్చింది. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆమె కోసం పలుచటి రబ్బరు గ్లౌజులు చేయించాడు. 1890లో వారిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. మొదట గ్లౌజులు వచ్చింది రోగిని కాపాడడానికి కాదు, ఒక సిస్టర్ చర్మాన్ని కాపాడడానికి. అవి వేసుకుంటే రోగికి చీము పట్టడం తగ్గుతుందని ఆ తరువాత కొన్నేళ్ళకు, హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ జట్టు మొత్తానికి వాటిని తప్పనిసరి చేశాక, స్పష్టంగా తేలింది. మా తొలి సంవత్సరాలలో గ్లౌజులను పారేసేవాళ్ళం కాదు. కడిగి, నీళ్ళు నింపి చిల్లులు చూసి, ఆరబెట్టి, పౌడరు రాసి, జతలు కట్టి మళ్ళీ ఆటోక్లేవ్‌కు పంపేవాళ్ళం. మధ్యాహ్నాలన్నీ ఆ పనిలోనే గడిచేవి. ఆ గంటలలో కారొలైన్ పేరు నాకు ఎవరూ చెప్పలేదు. హాల్‌స్టెడ్ పేరు మాత్రం సన్నని మస్కిటో ఫోర్సెప్స్ మీద రోజూ వినేదానిని.

ట్రేలోని మిగిలిన పేర్లలో ఎక్కువ భాగం గురించి చెప్పవలసినది తక్కువ. పేగును గాయపరచకుండా పట్టే బాబ్‌కాక్, కణజాలాన్ని పళ్ళతో పట్టే ఆలిస్, కడుపు గోడను వెనక్కి లాగి పట్టే డీవర్, ఈ మూడూ ఒకే నగరం నుంచి, ఫిలడెల్ఫియా నుంచి వచ్చినవి. మెట్జెన్‌బామ్ కత్తెర క్లీవ్‌లాండ్‌ది. కోకర్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఎమిల్ థియోడోర్ కోకర్ స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పనిచేశాడు. మన కొండ ఊళ్ళలో లాగే ఆయన దేశపు పర్వతాలలోనూ గాయిటర్ ఎక్కువ. మెడలోని ఆ గడ్డను తీయడమంటే ఆగని రక్తస్రావమే. అందుకే కొసన పళ్ళున్న, జారిపోని ఫోర్సెప్స్ రూపొందించుకుని, ప్రతి నాళాన్నీ ఓపికగా కట్టుకుంటూ ఆపరేషన్ చేసి, మరణాలను నూటికి ఒకటి కంటె తక్కువకు తెచ్చాడు. 1909లో నోబెల్ బహుమతి పొందిన మొదటి శస్త్రవైద్యుడు ఆయనే. నేను ఆయనను గౌరవించేది బహుమతి కోసం కాదు. మెడలోని థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేసిన రోగులను మళ్ళీ పిలిపించి చూసినప్పుడు వారు ఉబ్బి, మందబుద్ధులై, మందకొడిగా మారారని గమనించి, తన చేతి పనివల్లే అలా జరిగిందని 1883లో అందరి ముందూ చెప్పి, గ్రంథిని పూర్తిగా తీయడం మానేశాడు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ ఛాంబర్లెన్ కుటుంబానిది. 1569లో ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండుకు వలస వచ్చిన ఆ కుటుంబంలో ఒకరు, అడ్డుపడిన కాన్పులో బిడ్డ తలను పట్టి బయటికి తీసే ఫోర్సెప్స్ కనిపెట్టారు. కనిపెట్టి, దాచిపెట్టారు. ఇద్దరు మనుషులు మోసుకువచ్చే పూతపూసిన పెద్ద పెట్టెలో దానిని తెచ్చి, పురిటి గది తలుపులు మూసి, తల్లి కళ్ళకు గంతలు కట్టి వాడేవారని చెబుతారు. ఆ రహస్యం తండ్రి నుంచి కొడుకుకు, తమ్ముడికి, మనుమడికి మారుతూ వందేళ్ళకు పైగా ఇంట్లోనే ఉండిపోయింది. 1670లో హ్యూ ఛాంబర్లెన్ దానిని అమ్మడానికి పారిస్ వెళితే, అక్కడి ప్రసిద్ధ వైద్యుడు మోరిసో పరీక్షగా కటి ఎముకలు వంకరపోయిన ఒక స్త్రీని చూపించాడు. మూడు గంటలు ప్రయత్నించినా బిడ్డ రాలేదు, తల్లి చనిపోయింది, బేరం కుదరలేదు. 1813లో ఎసెక్స్‌లో వారి పాత ఇంటి నేల పలకల కింద ఆ పనిముట్లు దొరికాయి. ఆ వందేళ్ళలో ఎందరు తల్లులు, ఎందరు బిడ్డలు ఆ రెండు ఇనుప చెంచాల కోసం ఎదురుచూసి పోయారో అన్న ఆలోచన నన్ను వదలదు. డోలీలో పడుకోబెట్టి కొండ దింపి, మూడో రోజుకు ఆసుపత్రికి చేర్చిన సవర గర్భిణులను నేను చూశాను. ఎదురుచూపు అంటే ఏమిటో ఆ ముఖాలలో కనిపిస్తుంది.

అలా రోజుల తరబడి బిడ్డ తల అడ్డుపడి ఉండిపోయినప్పుడు, మూత్రాశయానికీ యోనికీ మధ్య గోడ చితికి రంధ్రం పడుతుంది. ఆ స్త్రీకి జీవితాంతం మూత్రం కారుతూనే ఉంటుంది. ఇల్లు దగ్గరికి రానివ్వదు. ఆ రంధ్రాన్ని మూయగలిగినవాడిగా పేరుపొందినవాడు జేమ్స్ మారియన్ సిమ్స్. ఆయన పేరుతో ఉన్న, యోని గోడను పక్కకు నెట్టి లోపల చూడడానికి వాడే, రెండు చివర్లా గరిటెలా వంగిన స్పెక్యులమ్‌ను నేను ఉద్యోగమంతా అందించాను. 1845 నుంచి 1849 వరకు అమెరికాలోని అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీలో, తన ఇంటి వెనుక కట్టిన చిన్న ఆసుపత్రిలో, సిమ్స్ బానిస స్త్రీల మీద ఈ ఆపరేషన్ నేర్చుకున్నాడు. మొదట ఒక చెంచాను వంచి లోపల చూశాడు. దాని నుంచే ఆ స్పెక్యులమ్ వచ్చింది. ఆ స్త్రీలలో ముగ్గురి పేర్లు ఆయన రాతల వల్లే మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. 17 ఏళ్ళ అనార్కా మూడు రోజుల పురిటి నొప్పుల తరువాత ఆయన దగ్గరికి చేరింది. ఆమె మీద ఆయన దాదాపు 30 సార్లు కోత పెట్టాడు. మత్తు ఇవ్వలేదు. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ మత్తును బహిరంగంగా చూపిన తరువాత కూడా ఇవ్వలేదు. వద్దనే హక్కు ఆ స్త్రీలకు చట్టంలోనే లేదు. పట్టు దారం ప్రతిసారీ చీము పట్టేది. చివరకు 1849లో ఆయన కంసాలి చేత సన్నని వెండి తీగ చేయించి దానితో కుట్టాడు. అప్పుడు అనార్కా గాయం మానింది.

ఆ పనిముట్టును నేను ఏ భావంతో చూడాలో ఈనాటికీ పూర్తిగా తేల్చుకోలేదు. దానివల్ల బాగుపడిన స్త్రీలను స్వయంగా చూశాను. తడి ఆరిన చీర కట్టుకుని ఇంటికి వెళ్ళిన ఒక కొండ ఊరి ఆడపడుచు, ఆసుపత్రి గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం సిమ్స్‌కు చెందదని మాత్రం నేను గట్టిగా నమ్ముతాను. 30 సార్లు ఆ బల్ల ఎక్కినది అనార్కా. 2018 ఏప్రిల్‌లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి సిమ్స్ విగ్రహాన్ని తొలగించారు. 2021లో మాంట్‌గోమరీలో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి, పారేసిన లోహపు ముక్కలను అతికించి ఆ ముగ్గురు స్త్రీల ఎత్తైన రూపాలను నిలబెట్టింది. మా మేనకోడలి రికార్డులో సిమ్స్ స్పెక్యులమ్ బొమ్మ కింద 'ఉపయోగం' అన్న గడి ఉంది, 'కనిపెట్టినవారు' అన్న గడి ఉంది. మూడో గడి లేదు. ఆమె అంచులో మూడు పేర్లూ పెన్సిలుతో రాసుకుంది.

పనిముట్లు చేసినవారి సంగతికి వస్తే, వారిలో ఒకరి కొలతను ప్రపంచంలోని ప్రతి సిస్టరూ రోజూ వాడుతుంది, కాని ఆయన పేరుతో కాదు. మూత్రపు గొట్టాన్ని అడిగేటప్పుడు '16 ఫ్రెంచ్' అంటాము. ఆ కొలత పెట్టింది జోసెఫ్ ఫ్రెడెరిక్ బెన్వా షారియేర్. 1803లో స్విట్జర్లాండ్‌లో పుట్టి, పిల్లవాడిగా పారిస్ వచ్చి, కత్తులు చేసేవాడి దగ్గర పనికి కుదిరి, తరువాత ఐరోపా అంతటా పేరున్న శస్త్రచికిత్స పనిముట్ల కార్ఖానా నడిపాడు. గొట్టం వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకు మూడు అంకెలు చొప్పున ఆయన లెక్క పెట్టాడు కనుక, 16 అంటే ఐదు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఆయన ఇంటిపేరు పలకడం ఇంగ్లీషువారికి కష్టమై 'ఫ్రెంచ్' అన్నారని అంటారు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన కత్తుల పనివాడు అలా ఒక దేశపు పేరు కింద కలిసిపోయాడు. మన వైపు చూస్తే, దేశ విభజనకు ముందు సియాల్‌కోట్ పట్టణం ఈ పనికి కేంద్రం. అక్కడి మిషన్ ఆసుపత్రి డాక్టర్లు విరిగిన పనిముట్లను బాగుచేయమని ఊళ్ళోని కమ్మరులకు ఇచ్చారు. బాగుచేసిన చేతులు క్రమంగా కొత్తవి చేయడం నేర్చాయి. ఈనాడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ పట్టణం నుంచి ప్రపంచంలోని నానా దేశాల ఆసుపత్రులకు ఫోర్సెప్స్ వెళుతున్నాయి. జర్మనీలోని టుట్లింగెన్ కూడా అలాంటి కత్తుల ఊరే. ఆ ఊళ్ళలో ఎవరి సుత్తి కింద ఏ ఫోర్సెప్స్ రూపు దిద్దుకుందో ట్రే మీద చూసి చెప్పలేము.

నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఆయనే కనిపెట్టారు. బాగుచేసిన ఫోర్సెప్స్‌ను నేను ఆసుపత్రికి తిరిగి తెచ్చేశాను. అది ఇంకా చాలా ఏళ్ళు పనిచేసింది. రెండు నెలల తరువాత సంక్రాంతికి ఇంటికి వెళితే, నాన్న నన్ను కొలిమి దగ్గరికి పిలిచి జానెడు పొడవున్న ఒక పట్టకారును చేతిలో పెట్టారు. దాని కీలులో ఒక రెక్క రెండో రెక్క కడుపులోంచి వెళ్ళింది. చీలిక ఉన్న రెక్కను ఎర్రగా కాల్చి, ఉలితో ఆ చీలికను వెడల్పు చేసి, చల్లగా ఉన్న రెండో రెక్కను అందులోంచి దూర్చి, ఎరుపు ఆరకముందే రెండు వైపులా సుత్తితో కొట్టి చీలిక మూసి, ఆపైన శీల దించాలని చెప్పారు. మొదటిది పగిలిందట. రెండోది బిగుసుకుపోయి కదలలేదట. మూడోది ఇది. ఆయన ఉన్నన్నాళ్ళూ దానితోనే కొలిమిలోంచి నిప్పు తీసుకుని చుట్ట వెలిగించుకున్నారు. మొన్న మా మేనకోడలు దానిని బల్ల మీద పెట్టుకుని, కీలు ఎలా ఉంటుందో చూస్తూ రికార్డులో ఆర్టరీ ఫోర్సెప్స్ బొమ్మ వేసింది. మూతులు ఇప్పటికీ సరిగా కలుస్తాయి.